జర్మనీ నుంచి పారిస్‌కి: స్టూడెంట్ బ్యాచ్‌కి ఒక్క రోజు ప్లాన్

జర్మనీలో మాస్టర్స్ చేసే మనవాళ్ళ బ్యాచ్ మొదటి సెమిస్టర్ గట్టెక్కగానే వేసే ట్రిప్ సాధారణంగా పారిసే. శుక్రవారం క్లాసులు లేవంటే గురువారం రాత్రి ఫ్లిక్స్‌బస్ ఎక్కి, పొద్దున్నే దిగి, రోజంతా తిరిగి, మళ్ళీ రాత్రి బస్సుకే వెనక్కి. హోటల్ ఖర్చు ఉండదు, నిద్రా ఉండదు. ఈ ప్లాన్‌లో చాలామంది చేసే పొరపాటు ఈఫిల్ టవర్ ఎక్కడాన్ని మధ్యలో పెట్టుకుని మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవడం. టవర్‌ని కింద నుంచి చూసినా ముచ్చటగానే ఉంటుంది, పైసా ఖర్చు లేదు. సాయంత్రం లూవ్ర్ మ్యూజియం స్లాట్ ఒకటి ముందే పెట్టుకుని, మిగతా రోజంతా దాని ముందు సర్దుకుంటే అన్నీ కుదురుతాయి.

లూవ్రే ఎందుకంటే, మీ దగ్గరున్న జర్మన్ రెసిడెన్స్ పర్మిట్ కార్డుకి అక్కడ విలువుంది. యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో (ఈఈఏ, అంటే ఈయూ దేశాలు, ఇంకో మూడు; బ్రిటన్ ఇందులో లేదు) నివాసం ఉంటూ 26 ఏళ్ళు నిండనివాళ్ళకి లూవ్ర్‌లోకి ఉచితం. పాస్‌పోర్ట్ ఏ దేశానిదన్నది లెక్కలోకి రాదు, ఎక్కడ ఉంటున్నారన్నదే చూస్తారు. ఓర్సే మ్యూజియంలోనూ అంతే. గేటు దగ్గర ఒరిజినల్ కార్డు చూపించాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే పని జరగకపోవచ్చు. స్టూడెంట్ ఐడీ కూడా చాలదు, ఎందుకంటే వాళ్ళకి కావలసింది వయసు, నివాసం రెండిటికీ రుజువు. 26వ పుట్టినరోజు అయిపోయినవాళ్ళు టికెట్ కొనాల్సిందే. లండన్‌లో చదివే స్నేహితుడో, ఇండియా నుంచి వచ్చిన తమ్ముడో బ్యాచ్‌లో కలిస్తే వాళ్ళకి ఈ రాయితీ వర్తించదు. 2026 జనవరి నుంచి ఈఈఏ బయట ఉండేవాళ్ళకి లూవ్ర్ టికెట్ 32 యూరోలు అయింది. కాబట్టి ముందే చెప్పి తీసుకెళ్ళండి, గేటు దగ్గర మొహాలు చూసుకోవడం బాగోదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆర్క్ ద త్రియాంఫ్ అనే విజయ తోరణం, సాంత్ షపెల్ అనే పాత ప్రార్థనా మందిరం లాంటి కట్టడాల్ని నడిపే సంస్థ వేరు. అక్కడి ఉచిత ప్రవేశం 26 నిండని ఈయూ పౌరులకీ, ఫ్రాన్స్‌లో నివసించే విదేశీయులకీ ఉద్దేశించింది. జర్మనీ కార్డున్న మనలాంటివాళ్ళు అక్కడ టికెట్ కొనుక్కుని వెళ్ళడమే మంచిది. సున్నా యూరోల టికెట్ బుక్ చేసేసి, తీరా అక్కడికెళ్ళాక వెనక్కి పంపితే ఆ స్లాటూ పోతుంది, గంట సమయమూ పోతుంది.

వారంలో ఏ రోజు వెళ్ళాలన్నది తేలిగ్గా తీసుకోకండి. లూవ్ర్‌కి మంగళవారం సెలవు, ఓర్సేకి సోమవారం సెలవు. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా తెరిచే ఉంటుంది, అందుకే ఈ ప్లాన్ శుక్రవారానికి రాశాను. గురువారం తప్ప వీలుకాదంటే లూవ్ర్‌ని వదిలి ఓర్సే పెట్టుకోండి, అది ఆ రోజు రాత్రి 9:45 దాకా ఉంటుంది. ఉచితమే అయినా స్లాట్ మాత్రం ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఒకళ్ళే ఎనిమిది టికెట్లూ బుక్ చేస్తే ఎవరి పీడీఎఫ్ వాళ్ళకి పంపేయాలి. టికెట్లన్నీ ఒకే ఫోన్‌లో ఉండి, ఆ ఫోన్ ఛార్జింగ్ అయిపోతే బ్యాచ్ మొత్తం గేటు బయటే.

బస్సు దిగేది బెర్సీ సేన్ స్టేషన్‌లో. పార్కు పక్కన కాస్త లోపలికి ఉంటుంది. అక్కడి నుంచి మెట్రో స్టేషన్ బెర్సీకి ఓ పది నిమిషాలు నడక. పెద్ద బ్యాగులు తేకండి. 55x35x20 సెంటీమీటర్లు దాటిన బ్యాగుని లూవ్ర్‌లోకి రానివ్వరు, నోత్ర్ దామ్ చర్చిలోకీ సామాన్లతో వెళ్ళలేరు. ఒక్కొక్కరికి ఒక చిన్న బ్యాక్‌ప్యాక్, అందులో పవర్ బ్యాంక్, నీళ్ళ సీసా, పల్చటి జాకెట్ చాలు. సీసా ప్లాస్టిక్‌దో స్టీలుదో తేవాలి, గాజుది వద్దు. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

మెట్రో లెక్క: 2025 జనవరి నుంచి మెట్రోకి, శివార్లకి వెళ్ళే ఆర్‌ఈఆర్ రైళ్ళకి ఒక ప్రయాణం 2.50 యూరోలు, బస్సు, ట్రామ్‌కి 2 యూరోలు చేశారు. ఆ ఏడాది రోజు పాస్ 12 యూరోలు. ఏటా జనవరిలో కొన్ని సెంట్లు పెరుగుతుంది. మెట్రో టికెట్‌తో దిగి బస్సెక్కితే చెల్లదు, రెండూ వేర్వేరు టికెట్లు. ఈ ప్లాన్‌లో ఐదారు ప్రయాణాలున్నాయి కాబట్టి రోజు పాసే లాభం. అది నావిగో ఈజీ అనే 2 యూరోల కార్డు మీద ఎక్కుతుంది, ఫోన్‌లోనూ ఎక్కించుకోవచ్చు. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు గేటు దాటడం కుదరదు. పాస్ 24 గంటలకి కాదు, ఆ తారీఖుకి. అర్ధరాత్రి దాటితే చెల్లదు.

బెర్సీలో 14వ నంబర్ లైన్ ఎక్కితే షాత్లే రెండో స్టాపు. డ్రైవర్ లేని రైలు, ముందు పెట్టెలో అద్దం దగ్గర నిలబడితే సొరంగం అంతా కనిపిస్తుంది. షాత్లేలో దిగి, నది దాటి సీటే దీవి మీదికి నడిస్తే నోత్ర్ దామ్. 2019 ఏప్రిల్ 15న తగలబడి, 2024 డిసెంబర్ 8న మళ్ళీ తెరుచుకున్న చర్చి ఇదే. మామూలు రోజుల్లో ఎనిమిదికి కాస్త ముందే తలుపులు తీస్తారు, ఆ వేళకి వెళ్తే క్యూ ఉండదు. పదకొండుకి వెళ్తే మాత్రం ముందున్న ఆవరణ అంతా జనమే. ప్రవేశం ఉచితం. బయట ఎవరైనా లోపలికి టికెట్ అంటూ అమ్మజూపితే అది మోసమే. లోపల రాళ్ళన్నీ శుభ్రం చేయడంతో గోడలు కొత్త సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి, పాత ఫొటోల్లో చూసిన చీకటి చర్చిని ఊహించుకుని వెళ్తే ఆశ్చర్యపోతారు. బయటికొచ్చాక ఎదురుగా నేలలో చిన్న కంచు నక్షత్రం వెతకండి. పారిస్ నుంచి మిగతా ఊళ్ళకి దూరం కొలిచేది ఆ బిందువు నుంచే.

రెండు వీధుల అవతల సాంత్ షపెల్. ఈ రోజు మొత్తంలో డబ్బు పెట్టి చూడాల్సింది ఏదైనా ఉందంటే నా లెక్కలో ఇదే. ఆర్క్ ద త్రియాంఫ్ మెట్లకి పెట్టే డబ్బు దీనికి పెట్టండి. తొమ్మిదవ లూయీ రాజు కట్టించుకున్న ప్రార్థనా మందిరం, 1248లో ప్రతిష్ఠ జరిగింది. ఉన్నది కోర్టు ఆవరణలో కాబట్టి ఇక్కడ సెక్యూరిటీ విమానాశ్రయం స్థాయిలో ఉంటుంది. చాకు, కత్తెర, గాజు సీసా ఏవీ వెళ్ళవు. ఆపిల్ కోసుకోవడానికి తెచ్చుకున్న చిన్న కత్తి కూడా అక్కడే ఆగిపోతుంది. లోపలికి వెళ్ళగానే ఉండేది కింది మందిరం, పైకప్పు తక్కువ, రంగులు వేసిన స్తంభాలు. ఇంతేనా అనుకుని వెనక్కి తిరిగేవాళ్ళూ ఉంటారు. మూలనున్న ఇరుకు మెలికల మెట్లెక్కాలి. పైన గోడలే ఉండవు, 15 పెద్ద కిటికీలు, అన్నీ రంగుటద్దాలే. 1,113 దృశ్యాలున్నాయి. ఎండ ఉన్న రోజు పొద్దున తొమ్మిది స్లాట్ తీసుకుంటే తూర్పు వైపు అద్దాల నుంచి నీలం, ఎరుపు వెలుగు నేల మీద పడుతుంది. మబ్బు రోజైతే అంత మెరుపు ఉండదు, అయినా వెళ్ళొచ్చు.

తర్వాత పోంత్ నఫ్ వంతెన దాకా నడిచి, గట్టున ఆకుపచ్చ పెట్టెల్లో పాత పుస్తకాలు అమ్మేవాళ్ళని చూసుకుంటూ మళ్ళీ నది దాటి మారే ప్రాంతానికి. పన్నెండుకల్లా రోజియే వీధికి చేరితే ఫలాఫెల్ దొరుకుతుంది. పీటా రొట్టె నిండా రుబ్బిన శనగల వడలు, వంకాయ, క్యాబేజీ, పైన కారం సాస్. కారం ఎక్కువ వేయమని అడగండి, మన నోటికి వాళ్ళ కారం సరిపోదు. అక్కడి దుకాణాలు ఎక్కువగా యూదులవి. వాళ్ళ విశ్రాంతి దినం సబ్బాతు కోసం శుక్రవారం మధ్యాహ్నం తర్వాత మూతపడతాయి, శనివారం కూడా చాలావరకు తెరవరు. శనివారం ప్లాన్ వేసుకున్న బ్యాచ్‌లు ఖాళీ వీధి చూసి వెనక్కి తిరగడానికి కారణం అదే. బేకరీలో సాండ్‌విచ్, డ్రింక్, స్వీటు కలిపి ఇచ్చే ఫార్ములా కూడా చవకే. కానీ శాకాహారులు జాగ్రత్త: కీష్ లొరెన్‌లో పంది మాంసం ముక్కలుంటాయి, కూరగాయలదని పేరున్న సాండ్‌విచ్‌లో కూడా గుడ్డో ట్యూనానో ఉండొచ్చు. అడిగే కొనండి.

సాన్ పోల్ స్టేషన్‌లో 1వ నంబర్ లైన్ ఎక్కి ఎత్వాల్ స్టేషన్ దాకా. ఆర్క్ ద త్రియాంఫ్‌ని బయటి నుంచి చూసుకుంటే చాలు. దాని దగ్గరికి వెళ్ళాలంటే భూగర్భ దారి ఉంది, ఆ రౌండ్ రోడ్డుని నడిచి దాటాలని మాత్రం చూడకండి. పన్నెండు రోడ్లు అక్కడ కలుస్తాయి, ఎవరూ ఆగరు. పైకి ఎక్కాలనుకునేవాళ్ళకి 284 మెట్లు. ఎత్వాల్ నుంచి 6వ నంబర్ లైన్, నాసియోఁ వైపు వెళ్ళేది ఎక్కండి. త్రొకదేరోలో దిగకుండా ఎడమ వైపు కిటికీ దగ్గర ఉండండి. పాసీ దాటగానే రైలు నది మీద పైవంతెన ఎక్కుతుంది, అక్కడ టవర్ మొత్తం కిటికీలో కనిపిస్తుంది. బీర్ అకేమ్‌లో దిగి నడిస్తే టవర్ పాదాల దగ్గరికి వెళ్తారు. చుట్టూ అద్దం గోడ కట్టారు, సెక్యూరిటీ దాటితే కింద నిలబడి చూడటం ఉచితం. అడుగు నుంచి పైకి చూస్తే ఆ ఇనుప అల్లిక దగ్గరగా తెలుస్తుంది. ఎక్కాలనే పట్టుదల ఉన్నవాళ్ళు రెండో అంతస్తు దాకా 674 మెట్ల టికెట్ కొనుక్కోవచ్చు, లిఫ్ట్ కంటే చవక. తర్వాత ఇయేనా వంతెన దాటి త్రొకదేరో మెట్ల మీదికి చేరుకోండి, గ్రూప్ ఫొటో అక్కడే.

ఆ వంతెన మీద మూడు కప్పుల కింద గోళీ పెట్టి పందెం కాయించేవాళ్ళుంటారు. చుట్టూ గెలుస్తున్నట్టు కనిపించేవాళ్ళు కూడా వాళ్ళ మనుషులే. సంతకం పెట్టమని అట్ట పట్టుకొచ్చేవాళ్ళూ, నేల మీద ఉంగరం దొరికిందని మీకు ఇవ్వబోయేవాళ్ళూ ఇక్కడే. వద్దని తల ఊపి నడవండి, ఆగి మాట్లాడకండి. ఫోన్ వెనక జేబులో పెట్టకండి. 1వ లైన్‌లో తలుపు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోతారు.

నీళ్ళకీ, టాయిలెట్‌కీ డబ్బు పెట్టక్కర్లేదు. వీధుల్లో ముదురాకుపచ్చ ఇనుప ఫౌంటెన్లు ఉంటాయి, 1872 నుంచి ఉన్నవి, నీళ్ళు తాగొచ్చు. కొన్నిటిని చలికాలం ఆపేస్తారు. పేవ్‌మెంట్ మీద ఉండే ఆటోమేటిక్ టాయిలెట్లు ఉచితం. ఒకరు బయటికి రాగానే తలుపు మూసుకుని లోపలంతా కడుక్కుంటుంది. తలుపు పట్టుకుని తర్వాతివాళ్ళని దూర్చారంటే లెక్క తప్పి, మనిషి లోపలుండగానే కడగడం మొదలెట్టే ప్రమాదం ఉంది. తలుపు మూసుకోనిచ్చి, పచ్చ లైట్ వచ్చాక వెళ్ళండి.

లూవ్ర్‌కి ఐదు గంటల స్లాట్ పెట్టుకోండి. త్రొకదేరోలో 9వ లైన్ ఎక్కి ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్‌లో 1వ లైన్‌కి మారి పలే రుయాల్‌లో దిగాలి. పిరమిడ్ దగ్గర క్యూలు వేర్వేరు, స్లాట్ ఉన్నవాళ్ళ వరుసలో నిలబడాలి. సిబ్బంది సమ్మె అంటే ఆలస్యంగా తెరవడమో, అసలు తెరవకపోవడమో జరుగుతుంది. అందుకే పొద్దున బస్సు దిగగానే ఒకసారి వెబ్‌సైట్ చూసుకోండి. లోపల అందరూ నేరుగా మోనాలిసా వైపు పరుగెత్తుతారు. మీరు ముందు సుల్లీ భాగంలో కిందికి దిగండి, అక్కడ పాత కోట పునాది గోడలు ఉన్నాయి, ఈ భవనం రాజుల కోటగా మొదలైందని అర్థమవుతుంది. అక్కడి నుంచి వీనస్ విగ్రహం, ఆ తర్వాత మెట్ల పైన రెక్కలు చాచిన విజయదేవత, అప్పుడు మోనాలిసా ఉన్న 711వ గది. మోనాలిసా 77x53 సెంటీమీటర్లే, దూరం నుంచి తోపులాటలో చూడాలి. ఎదురు గోడ మీద దాదాపు పది మీటర్ల వెడల్పున్న, బైబిల్ కథలోని కానా పెళ్ళి విందు చిత్రం ఉంటుంది, దానికి మాత్రం అందరూ వీపు చూపించి నిలబడతారు. ఓపిక ఉంటే రిషెల్యూ భాగంలో బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం ఉన్న నల్లరాయి, మనిషి తల ఉన్న ఎద్దులు చూడండి. శుక్రవారం సాయంత్రం ఆ వైపు ఖాళీగా ఉంటుంది. ఎనిమిదిన్నర నుంచే గదులు ఖాళీ చేయిస్తారు, ఆఖర్లో చూద్దామని దేన్నీ దాచుకోకండి.

చీకటి పడ్డాక ప్రతి గంట మొదట్లో ఐదు నిమిషాలు టవర్ మిలమిలలాడుతుంది. చలికాలంలో లూవ్ర్ నుంచి బయటికొచ్చి కాంకార్డ్ కూడలికి నడిస్తే తొమ్మిదింటిది దొరుకుతుంది. జూన్‌లో పదైతే గానీ పొద్దు పోదు, బస్సు టైమ్ చూసి వదిలేయండి.

భోజనానికి 7వ లైన్‌లో గార్ ద లెస్త్‌లో దిగి, ఫోబూర్ సాన్ దెనీ వీధి వెంట లా షపెల్ మెట్రో స్టేషన్ వైపు (పొద్దున చూసిన సాంత్ షపెల్ కాదు) నడవండి. శ్రీలంక తమిళుల హోటళ్ళు వరుసగా ఉంటాయి, దోసె, పరోటా, కొత్తు రొట్టె దొరుకుతాయి. పుదుచ్చేరి కుటుంబాలూ పారిస్‌లో బాగానే ఉన్నాయి. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న మన యానాం మూలాలవాళ్ళు ఎదురైనా ఎదురవ్వచ్చు, తెలుగులో పలకరించి చూడండి.

తిరుగు ప్రయాణానికి గార్ దు నోర్‌లో 4వ లైన్, షాత్లేలో 14వ లైన్, బెర్సీ. షాత్లేలో మారడానికే పది నిమిషాలు నడవాలి, రాత్రిపూట బెర్సీ పార్కు లోపలి దారి మూసి ఉంటే చుట్టూ తిరగాలి. మొత్తం గంట చేతిలో పెట్టుకోండి. బస్సు ఏ ప్లాట్‌ఫామో బోర్డు మీదే చూడాలి. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు డిక్కీలో వేసే బ్యాగులో పెట్టకండి. జర్మనీ సరిహద్దులో పోలీసులు అర్ధరాత్రి బస్సాపి ఎక్కినప్పుడు సీటు దగ్గరే చూపించాలి, నిద్రమత్తులో డిక్కీ తెరిపించమంటే డ్రైవర్ ఒప్పుకోడు.