నది లేని దేశంలో నీళ్ళ సంగతి

మాల్టాకు వచ్చిన కొత్తలో అమ్మ ఫోన్లో మొదట అడిగిన మాట, "ఆడ నీళ్ళకు ఇబ్బంది లేదు కదా నాయనా?" అని. జీతం, చలి, గది, అవన్నీ తర్వాత అడిగింది. రాయచోటి పక్క పల్లెలో కరువు చూసిన మనిషి. "చుట్టూ సముద్రమే మా" అన్నాను. "సముద్రం నీళ్ళు తాగుతారా యాడన్నా?" అంది.

తాగుతారు. కువైట్‌లో తొమ్మిదేళ్ళు నేను తాగింది అవే. అక్కడ డ్రైవరుగా చేసి, ఇక్కడి పరీక్షలన్నీ పాసయ్యి, ఇప్పుడు మాల్టాలో సిటీ బస్సు నడుపుతున్నాను. మావైపు కువైట్ అంటే పిల్లలకు కూడా తెలుసు. మాల్టా అంటే మాత్రం ప్రతి ఒక్కరికీ విడమరిచి చెప్పాల్సిందే.

మ్యాపులో ఇటలీ బూటులా ఉంటుంది కదా, దాని కొన దగ్గర సిసిలీ. సిసిలీకి దక్షిణంగా 93 కిలోమీటర్లు సముద్రం దాటితే మాల్టా. ఇంకా కిందికి పోతే లిబియా, పడమరకు పోతే ట్యునీషియా. పేరుకు యూరప్ దేశమే గానీ, ఆఫ్రికాలో ఉన్న ట్యునీస్ నగరం కన్నా ఇదే ఇంకా దక్షిణాన ఉంది. మాల్టా, గోజో, కొమీనో దీవులన్నీ కలిపి 316 చదరపు కిలోమీటర్లు. మా పాత కడప జిల్లాలో ఇలాంటి దేశాలు నలభై ఎనిమిది పడతాయి.

పెద్ద దీవి ఈ కొస నుంచి ఆ కొసకు 27 కిలోమీటర్లు. రాజధాని వాలెట్టాలో కోట గుమ్మం బయట బస్టాండు నుంచి బయల్దేరి ఉత్తరాన చిర్కెవ్వా రేవు దాకా పోయే రూటంటే నాకు ఇష్టం. ట్రాఫిక్ వల్ల గంట దాటిపోతుంది, అదో టెన్షన్. అయినా మెల్లీహా ఊరు దాటి ఘాట్ దిగేటప్పుడు ఒక మలుపులో కింద ఇసుక తీరం, ఎదురుగా నీళ్ళ మధ్య కొమీనో, దాని వెనక గోజో ఒక్కసారిగా కనబడతాయి. రోజూ చూసేదే, రోజూ ఆ మలుపు కోసం ఎదురుచూస్తాను. 1964 దాకా బ్రిటిష్ వాళ్ళ పాలన కాబట్టి ఇక్కడ స్టీరింగ్ కుడివైపు, బండి నడిపేది ఎడమవైపు. కువైట్‌లో అంతా తారుమారు. ఇక్కడ మొదటి రోజే చేతులకు మా రాయచోటి రోడ్డు గుర్తొచ్చింది.

భాష సంగతి మాత్రం నన్ను కదిలించింది. ఎక్కేవాళ్ళు తమలో తాము మాట్లాడుకుంటుంటే సగం మాటలు తెలిసినట్టే ఉండేవి. వీధిని 'త్రీ' అంటారు, అరబ్బీలో తరీఖ్. తలుపు బీబ్, అక్కడ బాబ్. లెక్కపెడితే తొమ్మిదేళ్ళుగా విన్న అంకెలే. చర్చిలో దేవుడిని 'అల్లా' అని పిలిచే క్యాథలిక్కులు వీళ్ళు, ఈస్టర్ ముందు ఉపవాస దినాలను 'రన్‌డాన్' అంటారు. వెయ్యేళ్ళ కిందట అరబ్బులు తెచ్చిన మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బతికించుకున్నారు. రెండు ఖండాల మధ్య ఉన్నందుకు ఎవరెవరో వచ్చి ఏలిపోయారు, మాట మాత్రం నిలబడింది.

ఇప్పుడు వచ్చేవాళ్ళం మేము. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ 4,17,432 మంది. 2021లో 5,19,562. పెరిగిన ఆ లక్షలో దాదాపు అందరూ బయటి దేశాల వాళ్ళే, ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా విదేశీయులు. చదరపు కిలోమీటరుకు 1,600 మంది పైచిలుకు, యూరోపియన్ యూనియన్‌లో ఇంత ఒత్తుగా జనం ఉన్న దేశం మరొకటి లేదు. మా గదిలోనే నలుగురం: ఇద్దరు నేపాల్, ఒక ఫిలిప్పీన్స్, నేను.

ఒకసారి సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంటే, చివరగా ఎక్కిన ముసలామె నా పక్కన నిలబడి, "మా దీవి నిండిపోయింది బాబూ" అంది ఇంగ్లీషులో. కోపంగా అనలేదు. దిగేటప్పుడు థాంక్స్ కూడా చెప్పింది. ఆ రాత్రంతా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. ఒక బోరు మీద రెండూళ్ళు పడితే ఏమవుతుందో మా పల్లెలో చూశాను. ఆమె బాధ నాకు అర్థమవుతుంది. ఆమెను ఇంటికి చేర్చే బస్సు నడిపేది కూడా నేనే. రెండూ నిజమే.

నీళ్ళ దగ్గర ఇది ఇంకా బాగా తెలుస్తుంది. దేశం మొత్తం మీద ఏడాదంతా పారే నది ఒక్కటి లేదు, సహజంగా ఏర్పడ్డ సరస్సు లేదు. ఏడాదికి మన అనంతపురంలో పడేంత వానే, అదీ చలికాలంలో. బోర్లు ఎక్కువ తోడేస్తే భూగర్భంలోకి సముద్రపు ఉప్పు ఎక్కుతుంది. అందుకే 1980ల నుంచి సముద్రపు నీటిని ఆర్వో ప్లాంట్లలో శుద్ధిచేసి ఇస్తున్నారు. కొళాయిలో వచ్చేదాంట్లో సగానికి పైగా అదే. పాతకాలం వాళ్ళు మాత్రం ఇల్లు కట్టేముందు బావి తవ్వేవాళ్ళు, మేడ మీద పడ్డ వాన చుక్క కూడా పోకుండా.

మేముండేది జెయ్‌తూన్‌లో, పాత రాతి ఇల్లు. పోయిన నెల ఓనరు నడవలో చెక్క మూత తీసి చూపించాడు. "బిర్" అన్నాడు. కువైట్‌లోనూ బావికి అదే మాట. తొంగి చూస్తే చల్లగాలి ముఖానికి కొట్టింది. బండను తొలిచిన గోడలు, ఎక్కడో అడుగున నల్లగా మెరుస్తున్న నీళ్ళు. తాడు కట్టిన బకెట్టు వదిలితే కాసేపటికి గానీ చప్పుడు రాలేదు. వీడియో తీసి అమ్మకు పంపాను.

పది నిమిషాల్లో ఫోను. "ఎన్ని మట్ల లోతుంటుంది నాయనా? ఎండాకాలం ఉంటాయా నీళ్ళు?"