లైట్‌హౌస్ లాగ్: విశాఖ నుంచి కళింగపట్నం దాకా, నాలుగు దీపాలు

మన తీరంలో ఉన్న లైట్‌హౌస్‌లన్నీ ఒక్కొక్కటిగా చూసి రావాలని మొదలుపెట్టాను. ఈ విడతలో బైక్ మీద, రెండు రోజుల్లో, మా బావతో కలిసి ఉత్తరాంధ్రలో నాలుగు చూశాం. ఎవరికైనా పనికొస్తుందని వివరాలన్నీ రాస్తున్నాను.

మొదటిది విశాఖ డాల్ఫిన్స్ నోస్. ఆర్కే బీచ్ నుంచి చూస్తే ఎదురుగానే ఉన్నట్టుంటుంది కానీ మధ్యలో ఓడరేవు కాలువ అడ్డం, కాబట్టి సింధియా వైపు చుట్టు తిరిగి యారాడ ఘాట్ ఎక్కాలి. ఇద్దరం కూర్చున్నాం కదా, మలుపుల దగ్గర ఫస్ట్ గేర్ తప్పలేదు, బ్రేకులు ముందే చూపించుకుని వెళ్ళండి. అటు నేవీ ప్రాంతం, ఆధార్ కార్డు జేబులో ఉండాలి, ఫోటో తీసేముందు అక్కడివాళ్లని అడగాలి. సందర్శకుల్ని సాధారణంగా మధ్యాహ్నం మూడు తర్వాతే పైకి పంపిస్తారు, సెలవు రోజులు మారుతుంటాయి, బయలుదేరే ముందు ఒకసారి కనుక్కోవడం మంచిది.

1957లో కట్టిన ఈ టవర్ చూడటానికి పొట్టిగా ఉంటుంది, ఎందుకంటే ఎత్తంతా కొండే ఇస్తోంది. దీని వెలుగు 64 కిలోమీటర్ల దాకా కనిపిస్తుందంటారు. నిజమా అని లెక్క వేశాను. సముద్రం మీద ఎంత దూరం కనపడుతుందో తెలియాలంటే ఎత్తుని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. కొండ 174 మీటర్లు అనుకుంటే 47 దాకా వస్తుంది. చూసేవాడు కూడా ఓడ డెక్ మీద పది మీటర్ల ఎత్తులో ఉంటాడు కాబట్టి ఇంకో 11 కలుస్తుంది, పైగా కాంతి గాలిలో కాస్త కిందికి వంగుతుంది, అలా 64కి దగ్గరగా వచ్చింది. కాగితం మీద అది తేలినప్పుడు నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

పైన దీపం గది అద్దాలకి లోపలివైపు తెరలు కట్టి ఉన్నాయి. బావ దుమ్ము కోసం అనుకున్నాడు. అసలు కారణం ఎండ. లోపలి కటకం అంచెలంచెలుగా, గాజు రింగులు పేర్చినట్టుంటుంది, చిన్న దీపం వెలుగుని ఒక్క దిక్కుకి కట్టగట్టి పంపడమే దాని పని. పగలు అదే కటకం మీద ఎండ పడితే వేడంతా ఒక్కచోటికి చేరి లోపల నిప్పంటుకునే ప్రమాదం ఉంది, అందుకే సూర్యోదయం తర్వాత తెర వేసేస్తారు.

ఆ రాత్రి ఆర్కే బీచ్ ఇసుకలో కూర్చుని అదే దీపానికి టైమ్ తీశాం. ఏ లైట్‌హౌస్ మెరుపు వరస దానిదే, నావికుడు మెరుపులు లెక్కపెట్టి ఇది ఏ ఊరో పోల్చుకుంటాడు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక్క రౌండే కొలిస్తే వేలు తడబడి తప్పొస్తుంది, పది రౌండ్లు కొలిచి పదితో భాగించండి. కదిలే ఆటోల హెడ్‌లైట్ల వైపు వీపు పెట్టి కూర్చుంటే ఇంకా తేలిక.

మర్నాడు పొద్దున ఆరింటికే భీమిలి రోడ్డు. గోస్తని సముద్రంలో కలిసేచోట, బీచ్ పక్కనే పాత లైట్‌హౌస్, తెల్లగా, గుండ్రంగా, ఇంటి మేడంత ఎత్తు. డచ్చివాళ్ల సమాధులు కూడా ఆ దగ్గర్లోనే, అరగంట చాలు. కానీ వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన దగ్గర ఇంకో గంట కూర్చుండిపోయాం. రాత్రి ఒడ్డుకి ఎలా వస్తారు తాతా అని అడిగితే, "దీపమొక్కటే సూసుకుంటే సాలదు బాబూ, ఎనకాల కొండని కూడా సూడాల, రెండూ ఒక వరసలోకొత్తే అప్పుడు తిప్పుతాం" అన్నాడు. చేతిలో వల సూది అడ్డంగా, వేలు నిలువుగా పట్టుకుని ఆ వరస ఎలా కలుస్తుందో చూపించాడు.

అక్కణ్ణుంచి తగరపువలస మీదుగా హైవే ఎక్కి, భోగాపురం దాటి, పూసపాటిరేగ దగ్గర చింతపల్లి వైపు తిరిగాం. ఇక్కడి సంతపల్లి దీపం 1847 నాటిది, భీమిలి రేవుకి వచ్చే ఓడలు సముద్రంలోని రాళ్లకి తగలకుండా చిన్న గుట్ట మీద పెట్టారు. పొరపాటు నాదే, మిట్టమధ్యాహ్నం వెళ్ళాను, గేటు వేసి ఉంది. మూడు దాకా తాటిచెట్ల నీడలో పడుకున్నాం, ముంజలు దొరికాయి, ప్రాణం లేచొచ్చింది. చుట్టుపక్కల పెద్ద హోటళ్లు లేవు, నీళ్లు, పెట్రోల్ రెండూ హైవే మీదే చూసుకుని లోపలికి రండి.

కళింగపట్నం చేరేసరికి చీకటి పడిపోయింది. శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం, గార మీదుగా వెళ్ళాం. వంశధార ముఖద్వారం, అంతా ఇసుక నేల, ఆసరాకి ఒడ్డున కొండ లేదు, కాబట్టి ఎత్తు కావాలంటే టవరే లేవాలి. పైకి ఎక్కలేకపోయాం. కానీ రోడ్డు మీద గార దాటగానే చెట్ల మధ్య నుంచి ఆ మెరుపు కనిపించినప్పుడు బావ బండి ఆపేశాడు, ఇద్దరం హెల్మెట్లు తీసి లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాం.

తర్వాతి విడత కాకినాడ వాకలపూడి, వీలైతే శాక్రమెంటో. 1867 జూన్ 19న గోదావరి ముఖద్వారం దగ్గర మెరక తగిలి పాడైన అమెరికా యుద్ధనౌక పేరే ఆ దీపానికి పెట్టారు, ఓడలోవాళ్లంతా బతికి బయటపడ్డారు. అటు మడ అడవులు, పడవ మాట్లాడుకోవాలి, పోటూ పాటూ చూసుకుని బయలుదేరాలి. ఆ వైపు వెళ్ళొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే పడవ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.