ట్రేకియల్ రిసెక్షన్ తర్వాత కుట్టును కాపాడటం: ఈ టాపిక్ ఎలా చదవాలంటే

ఎంఎస్ ఈఎన్‌టీ ఫైనల్స్‌కీ, సూపర్ స్పెషాలిటీ ఎంట్రన్స్‌కీ చదువుతున్న ఫ్రెండ్స్‌కి. ట్రేకియల్ రిసెక్షన్ అంటే ట్రేకియాలో (శ్వాసనాళం) పాడైన ముక్క తీసేసి, మిగిలిన కొసలు కలిపి కుట్టడం. ఈ టాపిక్‌లో చాలామంది రిలీజ్ మాన్యువర్ల (కొసలు దగ్గరికి వచ్చేలా వదులుచేసే పద్ధతులు) పేర్లు బట్టీపట్టి వెళ్తారు. వైవాలో మాత్రం "అనాస్టొమోసిస్ (కొసలు కలిపి కుట్టిన చోటు) ఎందుకు ఊడుతుంది?" అని మొదలుపెడతారు. టెన్షన్ (కుట్టు మీద లాగుడు), రక్తం అందకపోవడం: ముందు ఈ రెండూ పట్టుకోండి.

ట్రేకియాకి రక్తనాళాలు పక్కల నుంచి ముక్కలు ముక్కలుగా వస్తాయి. పైభాగానికి ఇన్‌ఫీరియర్ థైరాయిడ్, కింద బ్రాంకియల్. అందుకే ముందువైపు ప్రీట్రేకియల్ ప్లేన్‌ను (ట్రేకియా ముందున్న పొర) కెరైనా (ట్రేకియా రెండుగా చీలే చోటు) దాకా వేలితో విడదీసినా ఫర్వాలేదు. చుట్టూ విడదీయడం మాత్రం కోసిన అంచు నుంచి 1 సెం.మీ., మహా అయితే 2. అంతకు మించితే అంచు చచ్చిపోతుంది. రికరెంట్ లారింజియల్ నెర్వ్ (స్వరతంత్రుల నరం) దెబ్బతినకుండా ట్రేకియా గోడకి అంటిపెట్టుకునే డిసెక్ట్ చేయాలి.

పెద్దవాళ్ళలో ట్రేకియా సుమారు 11 సెం.మీ. సగం దాకా తీయొచ్చని పుస్తకాలు రాసినా, 4 సెం.మీ. దగ్గరే రిస్క్ మొదలవుతుంది. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ 2004లో ప్రచురించిన 901 మంది సిరీస్‌లో అనాస్టొమోటిక్ కాంప్లికేషన్లు 9 శాతం. రీఆపరేషన్, డయాబెటిస్, 17 ఏళ్ళలోపు వయసు కూడా రిస్క్ ఫ్యాక్టర్లే. రిలీజ్‌లను వాడే వరుసలో రాయండి. మెడ వంచడం, ముందువైపు మొబిలైజేషన్ చాలామందికి సరిపోతాయి. చాలకపోతే మాంట్‌గోమరీ సుప్రాహయాయిడ్ రిలీజ్ (గొంతులోని హయాయిడ్ ఎముకకి పైన వదులుచేయడం), 1 నుంచి 2 సెం.మీ. లాభం. ఇన్‌ఫ్రాహయాయిడ్‌లో (ఆ ఎముక కింద) మింగే ఇబ్బంది ఎక్కువ. ఎంసీక్యూలో పడేది ఇక్కడే: లారింజియల్ రిలీజ్ (పై రెండూ) కెరైనా దగ్గర పెద్దగా పనికిరాదు, అక్కడ హైలార్ రిలీజ్ (ఊపిరితిత్తి మూలం దగ్గర వదులుచేయడం) కావాలి, ఇన్‌ఫీరియర్ పల్మనరీ వెయిన్ కింద పెరికార్డియంని (గుండె చుట్టూ పొర) యూ ఆకారంలో కోస్తారు.

కుట్లు 4-0 వైక్రిల్ దారం, ఇంటరప్టెడ్ (విడివిడిగా), 3-4 మి.మీ. ఎడం, ముడులు బయటికి. లోపల ముడి ఉంటే గ్రాన్యులేషన్ (కండ పెరగడం). పక్కల 2-0 ట్రాక్షన్ కుట్లు ముందే వేసుకుని, తల వంచాక వాటిని మొదట ముడివేయాలి. తర్వాత సెలైన్ పోసి లీక్ టెస్ట్.

ఇన్నామినేట్ ఆర్టరీకీ (ట్రేకియా ముందుగా పోయే పెద్ద ధమని) కుట్టుకీ మధ్య స్ట్రాప్ మజిల్ (మెడ ముందు కండరం) గానీ థైమస్ గానీ పెట్టకపోతే రాపిడికి ఆర్టరీ తూటుపడొచ్చు. ఛాతీలో ఇంటర్‌కాస్టల్ మజిల్ (పక్కటెముకల మధ్య కండరం) వాడితే దానికి అంటిన పెరియాస్టియం (ఎముక పైపొర) తీసేయండి. ఉంచి చుట్టేస్తే ఎముకగా మారి స్టెనోసిస్ (నాళం ఇరుకవడం) వస్తుంది.

శ్వాస ట్యూబ్ వీలైతే టేబుల్ మీదే తీసేయాలి. ఉంచక తప్పకపోతే కఫ్ (ట్యూబ్ చుట్టూ ఉబ్బే బెలూన్) కుట్టు మీద పడకూడదు. గడ్డం కిందనుంచి ఛాతీ చర్మానికి వేసే గార్డియన్ స్టిచ్ ఉద్దేశం తల హఠాత్తుగా వెనక్కి పోకుండా ఆపడమే. బిగించి వంచేస్తే కాళ్ళూచేతులూ పడిపోయిన కేసులున్నాయి; మర్చిపోకుండా రాయండి. 7వ రోజు బ్రాంకోస్కోపీలో (గొట్టంతో శ్వాసనాళం లోపల చూసే పరీక్ష) అనాస్టొమోసిస్ బాగుంటే గార్డియన్ స్టిచ్‌ను తీసేస్తారు.