పళ్ళు వచ్చే వేళ తీవ్ర జ్వరం
మా పాపకు కింది చిగురు ఉబ్బి చొంగ కారుతున్న రోజుల్లోనే జ్వరం 102 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరింది. పళ్ళు వచ్చేటప్పుడు ఇది మామూలేనని ఇంట్లో పెద్దలు ధైర్యం చెప్పారు గాని, పంటి మూలంగా ఒళ్ళు కాస్త వెచ్చబడవచ్చునే తప్ప 100.4 డిగ్రీలు దాటిన జ్వరానికి వేరే కారణం వెతకాలని పిల్లల డాక్టరు వివరించారు. తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గడం, దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం, మొదటి పన్ను రావడం దాదాపు ఆరో నెల ప్రాంతంలోనే జరుగుతాయి కనుక, చెవిలోనో మూత్రనాళంలోనో ఉన్న ఇన్ఫెక్షన్ తాలూకు నింద పంటి మీద పడుతుంది.

పారాసిటమాల్‌ను బిడ్డ బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున ఆయనే లెక్కగట్టి రాసిచ్చారు. చుక్కల మందు, సిరప్ ఒకే గాఢతలో ఉండవు కాబట్టి వంటింటి చెంచాతో ఉజ్జాయింపుగా పోయడం ప్రమాదకరం. పలుచని బట్టలు వేసి, పాలు మాటిమాటికీ పట్టాము. చన్నీళ్ళతో తుడిస్తే వణుకు పుడుతుందని వద్దన్నారు. బెంజోకెయిన్ ఉన్న చిగుళ్ళ జెల్ రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని దెబ్బతీయగలదు గనుక దాని జోలికి పోలేదు.

నా మటుకు థర్మామీటరు అంకె కంటే బిడ్డ తీరే ముఖ్యమనిపించింది. మూత్రం తగ్గినా, మగతగా పడి ఉన్నా, మూర్ఛ వచ్చినా ఆలస్యం చేయరాదు. మూడు నెలలు నిండని పసికందుకైతే 100.4 డిగ్రీలు కనబడగానే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.