మన సెన్నా, వాళ్ల తంగేడు

మొన్న జూన్‌లో జడ్చర్ల దగ్గరి మా ఊరికి వెళ్లినప్పుడు, మా పదేళ్ల పాప చెలక గట్టు మీద టక్కున ఆగి "అమ్మా, మన సెన్నా!" అని అరిచింది. అది తంగేడు.

అమెరికాలో, ఫీనిక్స్‌లోని మా ఇంటి ముందున్నది డెజర్ట్ సెన్నా. సొనోరన్ ఎడారిది, తంగేడుకు దగ్గరి చుట్టం. అవే అయిదు రెక్కల పసుపు పూలు. కాకపోతే మోకాలెత్తే ఉంటుంది, ఆకుల మీద బూడిద రంగు నూగు. అక్కడ ఏడాదికి సగటున 8 అంగుళాల వాన కూడా పడదు. మొదటి రెండు మొక్కలూ నా చేతుల్లోనే పోయాయి. ఎండ చూసి ప్రాణం ఒప్పక రోజూ నీళ్లు పోశాను, వేర్లు కుళ్లాయి. మూడోదాన్ని పాప నన్ను ముట్టనివ్వలేదు. గింజను గరుకు కాగితం మీద రుద్ది, రాత్రంతా నానబెట్టి, తనే వేసింది. వేరు పట్టేదాకా తడిపి, ఆపైన దాని మానాన దాన్ని వదిలేసింది. పసుపు సీతాకోకచిలుకల పురుగులు ఆకులు తింటున్నా మందు కొట్టనివ్వలేదు.

తంగేడు గురించి నేనూ ఏళ్ల తరబడి చెప్పాను, ఫొటోలు చూపించాను. వినేది, అంతే. ఆ రోజు మాత్రం గట్టు మీదే కూర్చుండిపోయింది. నల్లటి తుమ్మెద ఒకటి వచ్చి పువ్వును కాళ్లతో కరుచుకుని జుమ్మంది. పువ్వంతా వణికింది, తుమ్మెద పొట్ట పసుప్పచ్చనైంది. ఈ పూలలో తేనె ఉండదు. పుప్పొడి ఉన్న తిత్తులకు కొసన సన్నటి రంధ్రాలే ఉంటాయి, అలా అదిరిస్తేనే రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. ఇదంతా పాపే వచ్చీరాని తెలుగులో అమ్మమ్మకు చెప్పింది.

"గీ తంగేడును ఎవరన్నా పెంచుతరా బిడ్డా? అదే మొలుస్తది" అంది అమ్మ, మనవరాలి తల నిమురుతూ.

"బతుకమ్మలో పెట్టేది ఇదేనా?" అని అడిగింది పాప. అవునన్నాను. నా గొంతు పూడుకుపోయింది.

గింజలు తీసుకెళ్దామని మారాం చేసింది. అనుమతి కాగితాలు లేకుండా కుదరదని చెప్పి, ఎండిన కాయలు ఒలిచి, గింజలను బండకు రుద్ది, ఇద్దరం అమ్మ ఇంటి గోడ పక్కన వేశాం.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. "నాలుగు మొలిచినయి. మేకలు ముట్టవు, బుగులు పడొద్దని చెప్పు బిడ్డకు."