ముసురు పట్టిన వారంలో చిప్ప మాస్కులు

ఆషాఢంలో హైదరాబాద్‌కు ముసురు పట్టిందంటే నాలుగైదు రోజులు వదలదు. గట్టిగా కురవదు, అలాగని ఆగదు. పార్కులో ఉయ్యాల కింద నీళ్లు, సెల్లార్‌లో బురద, డాబా మీద పాచి. పిల్లలకు ఇల్లే గతి. అలాంటి వారంలో మొదలైన పని ఇది: కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి పట్టించి, గోడకు తగిలించుకునే మాస్కులు చేయడం. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ కళాకారులు చేసే మాస్కులకు ఇది ఇంటి రూపం. నాలుగు చిప్పలు, తొమ్మిది రోజులు, ఐదు, ఎనిమిది, పదకొండేళ్ల పిల్లలు ముగ్గురు.

చేతికి పని రోజుకు గంట మించదు. మిగతాదంతా ఆరడమే. వానాకాలంలో మాస్కు చెడేదీ అక్కడే. అందుకే కింద రంగుల కంటే తేమ మాటలే ఎక్కువ ఉంటాయి.

సరుకు

కొబ్బరి చిప్పలు వంటింట్లోవే చాలు. శ్రావణం దగ్గర పడేకొద్దీ పూజల పుణ్యమా అని కావలసినన్ని దొరుకుతాయి. పగుళ్లు లేకుండా సమంగా పగిలిన సగాలు ఏరుకోవాలి. చింతగింజలు 150 గ్రాములు, పొట్టు తీస్తే సుమారు 100 గ్రాముల పప్పు వస్తుంది. రంపపు పొట్టు రెండు లీటర్ల డబ్బా నిండా, సామిల్లు నుంచి. ప్లైవుడ్, ఎండీఎఫ్ కోసిన చోటిది వద్దు: అందులో చెక్కను అతికించిన రసాయన జిగురు పొడి కూడా కలిసి ఉంటుంది, పిల్లలు చేత్తో పిసికే పనికి అది తగదు. టేకు పొట్టులో నూనె ఉంటుంది కాబట్టి తెల్ల చెక్కది మేలు. ఇవి కాక సుద్ద పొడి 200 గ్రాములు, 80, 180, 320 నంబర్ల శాండ్‌పేపర్ ఒక్కో షీటు, యాక్రిలిక్ రంగులు, వాటర్ బేస్ వార్నిష్ చిన్న డబ్బా. గ్రాముల్లో తూచే వంటింటి కాటా తప్పనిసరి. అది లేకుండా ఈ పని ముసురులో మొదలుపెట్టొద్దు.

1వ రోజు: గింజలు, చిప్పలు

గింజలను మందపాటి మూకుడులో మధ్యస్థం మంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు వేయించాలి. పొట్టు చిటపటమని పగలడం మొదలవగానే దించేయాలి. లోపలి పప్పు గోధుమ రంగుకు తిరిగితే మాడినట్టే, జిగురు పట్టు తగ్గుతుంది. చల్లారాక రోట్లో మెల్లగా దంచితే పొట్టు ఊడి వస్తుంది. పొట్టూ పప్పూ వేరు చేసే పని ఐదేళ్ల పిల్లకు అరగంట పట్టింది, ఆ అరగంటా ఇంట్లో చప్పుడు లేదు. మూడేళ్ల లోపు పిల్లలు ఉన్న ఇంట్లో మాత్రం గింజలు నేల మీద వదలొద్దు, ముక్కులో దూర్చుకుంటారు.

పప్పులో సగమే, అంటే 50 గ్రాములే, రాత్రికి నానబెట్టాలి. రెండో సగం నాలుగైదు రోజుల తర్వాతి పనికి. మొత్తం ఒకేసారి వండితే సగం పులిసి పారబోయాల్సి వస్తుంది.

చిప్ప లోపల కొబ్బరి ఇసుమంత కూడా మిగలకూడదు. మిగిలితే చీమలు, ఆ తర్వాత బొద్దింకలు. పైన పీచు గీకేసి, 80 నంబర్ శాండ్‌పేపర్‌తో గరుకుగా రుద్దాలి. నున్నటి చిప్పకు మిశ్రమం అంటుకోదు, ఆరాక పెచ్చులా మొత్తంగా ఊడొస్తుంది. తాడుకు రెండు రంధ్రాలు ఇప్పుడే, పెద్దవాళ్లు 4 మి.మీ. డ్రిల్‌తో వేయాలి. రంగులయ్యాక వేస్తే అంచులు రాలిపోతాయి.

2వ రోజు: జిగురు, మొదటి పొర

నానిన పప్పును మెత్తగా రుబ్బి, రుబ్బడానికి పోసినవి కలుపుకుని మొత్తం 300 మి.లీ. నీళ్లయ్యేలా చూసి, సన్న మంట మీద 15 నుంచి 20 నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. పచ్చి పిండి అతకదు. వేడి నీళ్లలో ఉబ్బాకే జిగట వస్తుంది. గరిటె ఎత్తితే జారుడు సంకటిలా తీగ సాగాలి. అడుగంటితే ఆ ముద్ద తీసేయండి, గడ్డలు పొరలో రాళ్లలా తగులుతాయి.

గోరువెచ్చని జిగురు ఒక కప్పుకు, పిండి జల్లెడతో జల్లించిన రంపపు పొట్టు రెండుంబావు కప్పులు. చపాతీ పిండిలా పిసకాలి. నిమ్మకాయంత ఉండ చేసి బొటనవేలితో నొక్కితే అంచు పగలకూడదు, వేలికి అంటకూడదు. పగిలితే చెంచాడు జిగురు, అంటితే గుప్పెడు పొట్టు.

ఫంగస్ రాకుండా చాలామంది ఇందులో ఉప్పు వేయమంటారు. ఎండాకాలంలో సరే. ముసురులో ఉప్పే గాలిలోని తేమను లాగి పొరను చెమ్మగా ఉంచుతుంది, వారమైనా ఆరదు. పాత పద్ధతిలో మైలుతుత్తం వేసేవాళ్లు. అది విషం, పిల్లలు చేయి పెట్టే ముద్దలో వేయనే కూడదు. ఏమీ వేయకుండా, పొర పలచగా వేసి త్వరగా ఆరబెట్టుకోవడమే సరైన దారి.

మొదటి పొర 3 మి.మీ. దాటొద్దు. అగ్గిపుల్ల గుచ్చి చూస్తే మందం తెలుస్తుంది. 5 మి.మీ. అయితే పైన తొక్క కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఆ తేమ బయటికి వచ్చేటప్పుడు తొక్క చీలుతుంది, రాకపోతే లోపల బూజు పడుతుంది. ఈసారి చీలిన ఒక్క మాస్కు కూడా గడ్డం దగ్గర లావుగా వేసినదే.

ఆరబెట్టడం

మూడో రోజు, నాలుగో రోజు వేరే పనేమీ లేదు. మాస్కులను పేపర్ మీద పెట్టొద్దు, అడుగు ఉడికినట్టవుతుంది. గిన్నెలు ఆరబెట్టే తీగల స్టాండ్ మీద, సీలింగ్ ఫ్యాన్ కింద ఉంచి ఆరు గంటలకోసారి తిప్పాలి. ఉతికిన బట్టలు ఆరేసిన గదిలో మాత్రం పెట్టకూడదు. ఈ కాలంలో హైదరాబాద్ ఇళ్లలో జరిగే అసలు పొరపాటు ఇదే: ఫ్యాన్ ఒకటి మిగులుతుందని బట్టలూ మాస్కులూ ఒకే గదిలో పెడతారు, బట్టల్లోని నీరంతా పొట్టుకు చేరుతుంది. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో రెండు గంటలు నడపడం చాలా సాయం. పొయ్యి పక్కనా ఓవెన్‌లోనా పెడితే పైపొర ఒక్కసారిగా ముడుచుకుని చీలుతుంది.

ఆరిందో లేదో చేతికి తెలియదు, కాటాకు తెలుస్తుంది. రెండో మాస్కు లెక్క: చిప్ప 64 గ్రాములు, పొర వేయగానే 124. పన్నెండు గంటలకు 107, ఇరవై నాలుగుకు 98, ముప్ఫై ఆరుకు 94, నలభై ఎనిమిదికి 92. అరవై గంటలకు 93. తగ్గాల్సింది గ్రాము పెరిగింది! ఆ రాత్రంతా వాన. ఆరిన పొట్టు గాలిలోని తేమను తిరిగి పీల్చుకుంది. కాబట్టి పన్నెండు గంటల తేడాలో తూకం గ్రాముకు మించి మారకపోతే ఆరినట్టే. సున్నా తేడా కోసం ఎదురుచూస్తే భాద్రపదం వస్తుంది. తూచి గోడ మీది గళ్ల కాగితంలో చుక్క పెట్టడం ఎనిమిదేళ్ల వాడి వంతు. తెల్లారగానే పళ్లు తోమకముందే కాటా దగ్గర ఉండేవాడు.

ఎదురుచూపుల్లో: వానను కొలవడం

ఆరే రోజుల్లో పిల్లల చేతులు ఊరుకోవు కదా. మాస్కు తూకానికి బయటి వాన లెక్క తోడైతే కారణం వాళ్లకే కనిపిస్తుంది. మూతి లోపలి వ్యాసం 11.3 సెం.మీ. ఉన్న ప్లాస్టిక్ గరాటు వెతకండి. దాని వైశాల్యం 100 చదరపు సెం.మీ., అంటే 10 మి.లీ. నీళ్లు పడితే 1 మి.మీ. వాన. సూది లేని 10 మి.లీ. సిరంజితో లాగితే ఒక్కో సిరంజి ఒక్కో మిల్లీమీటర్. వేరే కొలత గరాటైతే, వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 0.0785తో గుణిస్తే 1 మి.మీ.కు ఎన్ని మి.లీ. అనేది వస్తుంది, 10 సెం.మీ. గరాటుకు 7.85.

గరాటును రెండు లీటర్ల సీసా మూతిలో బిగించి, సీసాను ఇటుకల మధ్య నిలబెట్టి, డాబా మధ్యలో పెట్టాలి. పిట్టగోడకూ నీళ్ల ట్యాంకుకూ వాటి ఎత్తుకు రెట్టింపు దూరంలో ఉండాలి, లేకపోతే గాలివాన పక్కకు పోయి లెక్క తగ్గుతుంది. వాతావరణ శాఖ లాగే ఉదయం 8:30కు చూడాలి. రెండో రోజు 184 మి.లీ., అంటే 18.4 మి.మీ. 15.6 నుంచి 64.4 వరకు మోస్తరు వాన, 64.5 దాటితే భారీ వాన అని శాఖ లెక్క. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెం.మీ. కురిసింది. ఆ రోజు ఈ గరాటు పెట్టి ఉంటే 2.4 లీటర్లు పడేవి, సీసా పొంగిపోయేది. ఈ లెక్క వేశాక పదకొండేళ్ల అమ్మాయి సీసా మార్చి ఐదు లీటర్ల క్యాన్ పెట్టింది.

5వ రోజు: ముక్కు, కళ్లు, మీసం

నాలుగో రోజు రాత్రి నానబెట్టిన పప్పుతో కొత్త జిగురు. ముక్కు ఒక్కసారే లావుగా పెట్టకుండా రెండు విడతల్లో, మధ్యలో ఒక పూట ఆరనిచ్చి పెంచాలి. ఆరిన పొర మీద ముందు ఉత్త జిగురు పూసి, తర్వాతే కొత్త ముద్ద అంటించాలి. చేర్యాల ముఖాల అందమంతా పెద్ద కళ్లలో ఉంది. రెప్పల గట్లు సన్నని వత్తులుగా చేసి అతికించండి. మిగిలిన జిగురు ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఆగుతుంది, బయట ఒక్క రోజే. నీళ్లగా జారి బుడగలు వస్తే పులిసిందని, పారబోయాలి.

ఆరో రోజు ఒక మాస్కు చెవి వెనక బూడిద రంగు చుక్కలు కనిపించాయి. పై బూజైతే గీకేసి, సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, గాలి తగిలేలా తిప్పి పెడితే ఆగుతుంది. స్పిరిట్‌కు మంట అంటుకుంటుంది, పొయ్యి దూరం ఉండాలి. లోపలి నుంచి ముక్క వాసన వస్తే మాత్రం ఆ మాస్కు దాచొద్దు. ఆయాసం వచ్చే పిల్లలను బూజు దగ్గరికీ, రుద్దే దుమ్ము దగ్గరికీ రానివ్వకూడదు.

7వ రోజు: సుద్ద లప్పం

50 గ్రాముల సుద్ద పొడికి మూడు చెంచాల జిగురు, అట్ల పిండి జారుడుకు నీళ్లు. పలచగా మూడు పూతలు. ఒక్కోటి ఆరడానికి నాలుగైదు గంటలు. 180తో, చివరి పూత మీద 320తో రుద్దాలి, బాల్కనీలో, ముక్కుకు గుడ్డ కట్టుకుని. రుద్దితే సుద్ద పొడిగా రాలిపోతుంటే జిగురు తక్కువైందని. సన్నని పగుళ్లు వస్తే పూత మందమైందని, లేదా జిగురు ఎక్కువైందని.

8, 9 రోజులు: రంగు

పోస్టర్ రంగులు ఈ కాలానికి పనికిరావు, చెమ్మ చేయి తగిలితే ఊడొస్తాయి. యాక్రిలిక్ వాడాలి. ముందు ముఖం నిండా రంగు, తర్వాత నగలు, చివర నల్ల గీత, అన్నిటికంటే ఆఖరున కనుగుడ్లు. బోనాల రోజులు కనుక పిల్లలు ఒకటి పోతురాజు చేశారు: పసుపు ముఖం, పెద్ద కుంకుమ బొట్టు, బొద్దు మీసం. సన్న గీతకు సున్నా నంబర్ బ్రష్ నిలువుగా పట్టి, ఊపిరి బిగబట్టి ఒకే లాగులో లాగాలి. ఆపి ఆపి గీస్తే మీసం వణుకుతుంది.

వార్నిష్ రెండు పూతలు, మధ్యలో ఆరు గంటలు. ఫర్నిచర్‌కు కొట్టే లాకర్ తెచ్చుకోవద్దు. తేమ గాలిలో దాని మీద తెల్లని మసక పొర వచ్చి రంగులన్నీ పాలిపోతాయి. వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం చూసి పూయండి. తొమ్మిదో రోజు సిరంజి లెక్క 3 మి.మీ.; పూత ఆ పూటే పడింది. మూడు మాస్కులు హాల్లో గోడకెక్కాయి. గడ్డం చీలిన నాలుగోదాన్ని చీలిక వెంట గీకి, పలచని ముద్ద కూరి, మళ్లీ తీగల స్టాండ్ మీద పెట్టాం. ఈ ఉదయం తూకం 131.