మన చెరువు నీళ్ళేనాండి ఇవి?

ఉప్పుటేరు పక్కన కాళ్ల మండలంలోని వనామీ రొయ్యల చెరువుల నీటిపై మేము మూడేళ్ళు చేసిన పని ఒక విదేశీ జర్నల్లో అచ్చయింది. ప్రాజెక్టు సొమ్ము కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, అంటే డీఎస్‌టీ ఇచ్చినది. తెల్లవారుజామున ఏరేటర్లు తిరుగుతుండగానే మా చేత నీళ్ళ సీసాలు నింపనిచ్చిన రైతు ఒకాయనకు సంతోషంగా లింకు పంపాను. సాయంత్రం ఫోన్ చేశారు. “డబ్బులు కట్టమంటోందండి మాస్టారూ. మన చెరువు నీళ్ళేనాండి ఇవి?”

నిజానికి ఈ ప్రశ్నకు జవాబు 2014 డిసెంబరులోనే ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ), డీఎస్‌టీ సంయుక్తంగా ప్రకటించిన విధానం ప్రకారం, వాటి నిధులతో జరిగిన పనిపై రాసిన పత్రాన్ని జర్నల్ అంగీకరించిన రెండు వారాల్లోగా, సమీక్షకుల సూచనల మేరకు సవరించిన తుది ప్రతిని రిపాజిటరీలో, అంటే పత్రాలను భద్రపరిచే ఆన్‌లైన్ భాండాగారంలో, దాఖలు చేయాలి. ప్రచురణకర్త ఎంబార్గో పెట్టినా, అంటే కొంత గడువు వరకు ఉచితంగా చూపకూడదన్నా, దాఖలు ఆగదు, గడువు తీరాక ఆ ప్రతి అందరికీ తెరుచుకుంటుంది. కొత్త ప్రాజెక్టుకు దరఖాస్తు చేసేటప్పుడు పాత పత్రాల దాఖలు సంఖ్యలను చూపాలి.

నేను పదకొండు నెలలు ఆలస్యం చేశాను. బద్ధకం కొంత ఉన్నా, అసలు కారణం అపోహ: ఓపెన్ యాక్సెస్, అంటే పత్రాన్ని ఎవరైనా ఉచితంగా చదవగలగడం, కావాలంటే జర్నల్‌కు లక్షల్లో రుసుము చెల్లించడమేనని మా స్టాఫ్ రూములో అందరమూ నమ్మేవాళ్ళం. విధానం ఆ రుసుము అడగదు సరికదా, దాన్ని తాను భరించనని కూడా చెబుతుంది. అది కోరేది రచయిత దగ్గర ఉండే వర్డ్ ఫైలు మాత్రమే.

ఆ ఫైలు దొరకడమే కష్టమైంది. అచ్చయిన పీడీఎఫ్ పెట్టేద్దామంటే, ఆ కూర్పుపై హక్కు ప్రచురణకర్తదని మా లైబ్రేరియన్ గారు ఆపారు. లాప్‌టాప్‌లో ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఫైనల్ కొత్తది’ అని మూడు ఫైళ్ళున్నాయి. రెండో సమీక్షకుడి మాట మీద మూడో పట్టికలో ఆల్కలినిటీ (నీటి క్షారత) అంకెలను తిరిగి లెక్కగట్టాము. ‘ఫైనల్ కొత్తది’లో పాత అంకెలే ఉన్నాయి, సరైనవి ‘ఫైనల్ 2’లో ఉన్నాయి. పేరు చూసి పెట్టి ఉంటే తప్పుడు పట్టిక శాశ్వతంగా నిలిచిపోయేది. ఇప్పుడు అంగీకారం మెయిల్ వచ్చిన రోజునే ఆ ప్రతిని తేదీతో సహా లైబ్రరీకి పంపేస్తున్నాను.

‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ వచ్చాక ఈ దాఖలు దేనికని ఒక మిత్రుడు అడిగాడు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఆ పథకం కింద 2025 నుంచి 2027 వరకు 6,000 కోట్ల రూపాయల వ్యయంతో 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్ళు అందుతున్న మాట నిజమే. కానీ అవి అందేది ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధనా సంస్థలకు. కాళ్ల మండలంలో చెరువు గట్టున కూర్చున్న మనిషికి ఆ తలుపు తెరుచుకోదు. భారత వ్యవసాయ పరిశోధనా మండలి (ఐసీఏఆర్) 2013లోనే తన సంస్థలకు ఇటువంటి విధానాన్ని పెట్టింది కాబట్టి, దాని కిందే ఉన్న పెదవేగి ఆయిల్ పామ్ సంస్థలో పనిచేసేవారికి ఇదంతా పాత సంగతే.

ఎంబార్గో అప్పటికే తీరిపోవడంతో మా ప్రతి దాఖలైన రోజే తెరుచుకుంది. రైతు తన మేనల్లుడి చేత చదివించుకుని వారం తర్వాత ఫోన్ చేశారు. “మూడో పట్టికలో నాలుగో చెరువు మనదే కదండి? ఆ నెల మనం సున్నం చల్లామండి మాస్టారూ. అది రాయలేదేంటండి?”

మా ఫీల్డ్ పుస్తకం తీసి చూశాను. సున్నం మాట అందులో ఎక్కడా లేదు.